మిలిటరీ మడత పార: బలమంతా కీలు దగ్గరే

ఆన్‌లైన్‌లో మిలిటరీ షవల్ అని వెతికితే కనిపించే వస్తువులు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఒక నల్ల సంచి, అందులో రావి ఆకులా కొనదేలిన ఉక్కు రేకు, దానికి ఒక పక్క రంపపు పళ్లు, ఇంకో పక్క గొడ్డలికి పట్టినట్టు పదును, మధ్యలో సీసా మూత తీసే గాడి, మరలు తిప్పి ఒకదానికొకటి బిగించుకునే రెండు మూడు గొట్టాల పిడి. ఆ గొట్టాల్లో చిన్న కత్తి, నిప్పురవ్వలు రాల్చే కడ్డీ, విజిల్. పిడి చివర దిక్సూచి. పద్దెనిమిది పనులు చేస్తుందని ఒకరు రాస్తే ఇరవై మూడు అని ఇంకొకరు రాస్తారు. ట్రెకింగ్‌కి, క్యాంపింగ్‌కి, కారులో దూరప్రయాణాలకి వెళ్లేవాళ్లు అడవిలో ఏ ఆపద వచ్చినా ఇదొక్కటి ఉంటే చాలు అన్న ధైర్యంతో కొంటున్నారు. ఆ ధైర్యం ఎంతవరకు నిలుస్తుందో తేల్చేది ఆ పనుల లెక్క కాదు. తవ్వేటప్పుడు మనిషి బలమంతా పారలో ఏ చోట పడుతుంది, ఆ చోట ఎంత గట్టి లోహం ఉంది, అది తేలుస్తుంది.

సైనికుడి నడుముకి ఈ చిన్న పార ఎందుకు వేలాడిందో తెలిస్తే సగం విషయం తేటపడుతుంది. 1869లో లిన్నెమన్ అనే డెన్మార్క్ సైన్యాధికారి దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అది మడిచే పార కాదు. పొట్టి కర్ర పిడి, చదునైన ఉక్కు రేకు, అంతే. రష్యా సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న ఎంపీఎల్-50 ఆ వంశానిదే, పేరులోని 50 దాని పొడవు, సెంటీమీటర్లలో. 1877లో ఇప్పటి బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర టర్కీ సేనాని ఉస్మాన్ పాషా సైన్యం కందకాలు తవ్వుకుని కూర్చుని, తనకంటే పెద్దదైన రష్యా సైన్యాన్ని జులై నుంచి డిసెంబరు దాకా నిలబెట్టేసింది. తుపాకులు దూరం నుంచి వేగంగా కాల్చే కాలం వచ్చాక నేలలోకి దిగినవాడికే బతుకు మీద ఆశ ఉంటుందని, అందుకు ప్రతి సైనికుడి దగ్గరా తవ్వే పనిముట్టు ఉండాలని సైన్యాలకి అర్థమైంది. 2023 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం గురించి రాస్తూ బ్రిటన్ రక్షణ శాఖ కూడా ఈ ఎంపీఎల్-50 ప్రస్తావన తెచ్చింది, 1869 నాటి రూపం పెద్దగా మారలేదని. నూట యాభై ఏళ్లు మారకుండా నిలిచిందంటే కారణం ఒక్కటే, అందులో ఊడిపోవడానికి ఏమీ లేదు.

మడత తర్వాత వచ్చింది. జర్మనీ 1938లో మడత పార తెచ్చింది, దాన్ని చూసి అమెరికా 1943లో తనది తయారు చేసుకుంది, 1960ల చివర్లో మూడు మడతల పార వచ్చింది. ఈ మూడు మడతలది తెరిస్తే సుమారు 60 సెం.మీ., మడిస్తే సుమారు 24 సెం.మీ., బరువు కిలో పైచిలుకు. మడత వల్ల సంచిలో చోటు కలిసొచ్చింది, దాంతోపాటు ఇంకో లాభం దొరికింది: రేకుని పిడికి అడ్డంగా, 90 డిగ్రీల దగ్గర బిగించి బోర్లా పడుకునే మట్టిని తన వైపు లాక్కోవచ్చు. తూటాలు ఎగురుతున్నప్పుడు నిలబడి తవ్వే వీలుండదు కదా. ఈ సైనిక పారలు దేనికోసం పుట్టాయో దానికి బాగా పనికొస్తాయి, అందులో అనుమానం లేదు. అనుమానమంతా ఆ తర్వాత వచ్చి చేరిన సామాను మీదే. ఇప్పుడు మన దగ్గర అమ్ముడయ్యే పారలు ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి, అక్కడ 308 నంబరుతో పేరుపడ్డ మిలిటరీ పార రూపాన్ని చూసి చేసినవే చాలా ఉన్నాయి. రూపం ఒకటే అయినంత మాత్రాన లోహం ఒకటే అవ్వాలని లేదు.

ఇక అసలు చోటుకి వద్దాం. పార కొన నేలలో దిగి ఒక వేరు కింద ఇరుక్కుందనుకోండి. దాన్ని పెళ్లగించడానికి పిడి చివర 40 కిలోల బరువు వేసి నొక్కుతారు, మామూలు మనిషికి అది పెద్ద కష్టం కాదు. ఆ చివరి నుంచి కీలు, అంటే రేకు మడతపడే చోటు, 40 సెం.మీ. దూరంలో ఉంది. కీలు దగ్గర బిగింపు అడ్డకొలత 3 సెం.మీ. అనుకుందాం. నలభైని నలభైతో గుణించి మూడుతో భాగిస్తే 533 వస్తుంది. అంటే మనం వేసింది 40 కిలోలు, కీలు ఒక అంచున లాగుడుగా, ఎదుటి అంచున నొక్కుడుగా మోసేది అర టన్ను పైమాటే. ఇది మెల్లగా నొక్కితే సంగతి. కాలితో తన్నినా, ఎగిరి దాని మీద బరువు వేసినా ఇంకా పెరుగుతుంది. మన ఊళ్లలో పార కర్ర విరిగితే వడ్రంగి దగ్గరికి వెళ్లి ఇంకో కర్ర వేయించుకుంటారు. ఇక్కడ కీలు రివెట్టు జారిందంటే పార మొత్తం పోయినట్టే, అది కూడా ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో.

కీలు తర్వాతి బలహీనత పిడిలోని మరలు. గొట్టం గోడ అసలే పలచన, అందులో మర కోస్తే ఆ గాడి అడుగున మిగిలే లోహం ఇంకా పలచన. పగులు అక్కడే మొదలవుతుంది. గొట్టం అల్యూమినియం అయితే ఇంకో తలనొప్పి ఉంది, మరల్లో సన్న ఇసుక పడితే అది లోహాన్ని గీరి పట్టేస్తుంది, ఒక్కోసారి విప్పడానికి కూడా రాదు. అందుకే కొన్నాక మొదటి రోజే ఇంట్లో చేసి చూడాల్సిన పరీక్ష ఒకటుంది. చెంచాడు సన్న ఇసుక రేకు దగ్గరుండే బిగింపు రింగు మీద పోసి, దులిపేసి, పారని మూడు నాలుగు సార్లు తెరిచి మూసి చూడాలి. చేత్తో తిరిగితే సరే. గుడ్డ పెట్టి పట్టుకుని బలవంతంగా తిప్పాల్సి వస్తే దాన్ని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లి లాభం లేదు, వాపస్ గడువు దాటకముందే పంపేయడం మంచిది. తర్వాత రేకుని కాలి కింద తొక్కిపెట్టి పిడిని అటూ ఇటూ ఊపాలి. కొత్తదానిలోనే టకటకమని ఆట ఉంటే, నాలుగు గుంతలు తవ్వేసరికి ఆ ఆట రెట్టింపవుతుంది.

పిడి పొడవుకి ముక్కలు ఎన్ని ఎక్కువైతే అతుకులు అన్ని ఎక్కువ. ఈ లెక్కన పాత మూడు మడతల పారే నయం, అందులో మర ఒకే చోట, రేకు దగ్గరున్న బిగింపు రింగుకే ఉంటుంది. ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ చేసే మడత పార ఇంకో దారి పట్టింది, పిడి ఒకదాంట్లోంచి ఒకటి జరిగే పాలిమర్ గొట్టం, బరువు సుమారు 700 గ్రాములు, రంపాన్ని రేకుకి అతికించకుండా విడిగా పిడి లోపల దాచారు. ఆ ఆలోచన సరైనది, ఎందుకో రంపం దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ప్రకటనల్లో తరచూ కనిపించే మాట మాంగనీస్ స్టీల్. ఈ మాటకి రెండు అర్థాలున్నాయి, అమ్మేవాళ్లు విడమరిచి చెప్పరు. 1882లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఉక్కులో మాంగనీస్ 12 శాతం దాకా ఉంటుంది. దెబ్బలు తినేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. రైలు పట్టాలు కలిసే చోట్ల, కంకర క్రషర్ల దవడలకి వాడేది అదే. దానికి అయస్కాంతం అంటుకోదు. ఇంట్లో ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి పార రేకుకి పెట్టి చూడండి. అంటుకుంటే అది హాడ్‌ఫీల్డ్ ఉక్కు కాదు. అలాగని మోసపోయామని కంగారు పడక్కర్లేదు, ఈ పారలకి మామూలుగా చెప్పుకునే 65 మాంగనీస్ రకం ఉక్కులో మాంగనీస్ ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, కార్బన్ 0.65 శాతం దగ్గర. అది స్ప్రింగులకి వాడే ఉక్కు, సరిగ్గా కాల్చి చల్లార్చితే పారకి చక్కగా సరిపోతుంది. వంగినా విరగదు. ఆ కాల్చి చల్లార్చడం సరిగ్గా చేశారా లేదా అన్నదే తేడా అంతా, అది ఫొటోలో కనపడదు. ఒక పాత ఆకురాయి, అంటే ఇనుము అరగదీసే ఫైలు, అంచు మీద రెండు సార్లు లాగితే కొంత తెలుస్తుంది. వెన్నలో దిగినట్టు దిగిపోతే రేకు మెత్తన, మొదటి రాయికే అంచు మడతపడుతుంది. అస్సలు పట్టకుండా జారిపోతే మరీ గట్టిది, రాతి మీద పెచ్చు ఊడే ప్రమాదం ఉంది. కాస్త కష్టపడి పట్టాలి.

ఇప్పుడు రంపం. వడ్రంగి రంపాన్ని దగ్గరగా చూస్తే పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచి ఉంటాయి. అందుకే కోత రేకు మందం కంటే వెడల్పుగా పడుతుంది, రంపం ఇరుక్కోకుండా ఆడుతుంది. మడత పార అంచున ఉండేవి రేకులోంచి కత్తిరించిన పళ్లు, వాటికి ఆ వంపు ఉండదు. రేకు మందం రెండు మిల్లీమీటర్ల పైనే. పైగా పార రేకు గుల్లగా వంగి ఉంటుంది, తిన్నగా కాదు. మణికట్టు లావున్న ఎండు వేప కొమ్మ మీద పెట్టి లాగితే మొదటి అంగుళం బాగానే పోతుంది, పొట్టు రాలుతుంది, పని జరుగుతున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత రెండు పక్కలా చెక్క రేకుని పట్టేసుకుంటుంది, లాగితే కొమ్మంతా కదులుతుంది కానీ కోత లోపలికి పోదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు దారుల నిండా చెట్లు కూలాయి. అలాంటి రోజున కావాల్సింది అసలైన రంపం. మడిచే చిన్న చేతి రంపం పావు కిలో కూడా ఉండదు, విడిగా కొనుక్కుంటే ఈ పార పళ్ల అవసరమే రాదు.

గొడ్డలి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గొడ్డలి చెక్కని చీల్చేది పదునుతో ఒక్కదానితోనే కాదు, వెనక్కి పోయేకొద్దీ లావెక్కే ఆ మేకు ఆకారంతో, కొసన ఉన్న బరువుతో. పార రేకు మొదటి నుంచి చివరి దాకా ఒకే పలచన. చిన్న పొదలు, ముళ్ల కంప నరకడం వరకు పర్వాలేదు. తుమ్మ మొద్దు మీద వేస్తే రేకు దిగి ఇరుక్కుంటుంది, పక్కకి ఊపి పీకుతారు, ఆ పక్క ఊపు మొత్తం కీలు మీదే పడుతుంది. నరుకుతుండగా బిగింపు వదిలితే రేకు వేళ్ల మీదకి మడతపడుతుంది. అడవిలో చేయి తెగితే కట్టు కట్టి, నడిచి, బండి దొరికి, ఆసుపత్రికి చేరేసరికి ఎంతసేపవుతుందో ఆలోచించి ఈ పని మానుకోవడమే మేలు.

దిక్సూచి గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే దాన్ని నమ్మి దారి తప్పే ప్రమాదం ఉంది. దిక్సూచి ముల్లు భూమి అయస్కాంత బలానికి తిరుగుతుంది, ఆ బలం చాలా తక్కువ. పక్కన ఉక్కు ఉంటే ముల్లు అటు లాగబడుతుంది. ఈ పారల్లో దిక్సూచి పిడి మూతకి ఉంటుంది, దాని కిందే గొట్టంలో ఉక్కు కత్తి. మూత విప్పి బల్ల మీద పెట్టి ముల్లు నిలిచాక పార రేకుని మెల్లగా దగ్గరికి తెస్తే ముల్లు తిరగడం కళ్లారా కనిపిస్తుంది. వాడాలనుకుంటే మూతని విప్పి, పారని నాలుగడుగుల దూరంలో పెట్టి చూడాలి. నిప్పురవ్వల కడ్డీ మాత్రం మంచిదే, తడిసినా తుడిస్తే పనిచేస్తుంది, కింద ఎండు కొబ్బరి పీచో దూదో ఉండాలి. విజిల్ కూడా నిజంగా పనికొచ్చేదే, కాకపోతే అది మెడలో వేలాడాలి, గొట్టం లోపల కాదు. కారు అద్దం పగలగొట్టే మొన కూడా అంతే: డిక్కీలో పడుకున్న పారతో నీళ్లలో మునుగుతున్న కారు అద్దం ఎలా పగలగొడతారు?

ఇన్ని తీసేశాక మిగిలేది తవ్వడం. అక్కడ మాత్రం ఈ పొట్టి పారకి విలువ ఉంది, మన తెలుగువాళ్లకి ఇంకాస్త ఎక్కువే ఉంది. రేకుని 90 డిగ్రీల దగ్గర బిగిస్తే అది అచ్చంగా మన పొలం పారే, కర్ర పొట్టి అంతే. కాలితో తొక్కి పైకెత్తడం కాకుండా, వంగి కొట్టి తన వైపు లాక్కోవడం మన ఒంటికి అలవాటైన పని. పైగా కొట్టి లాగినప్పుడు కీలు మీద పడే బలం తక్కువ, పెళ్లగించినప్పుడు పడేది ఎక్కువ. కొనేటప్పుడు 90 డిగ్రీల దగ్గర గట్టిగా ఆగని పారని పక్కన పెట్టేయొచ్చు, మిగతావి ఎన్ని ఉన్నా.

రాయలసీమలో వేసవిలో ఎండిన పెన్న ఒడిలో, చిత్రావతి ఒడిలో చెలమ తీయడం తరాల నాటి విద్య. ఆపదలో నీళ్లు వెతకాల్సి వస్తే ఈ పార అన్నిటికంటే అక్కరకొచ్చేది అక్కడే. ఏరు మలుపు తిరిగే చోట, బయటి ఒడ్డు వారగా, పచ్చగా ఏదైనా మొలిచి ఉన్న చోటు చూసుకోవాలి. పైన ఇసుక కాలుతుంటుంది. జానెడు తీశాక రంగు ముదురుతుంది, గుప్పిట్లో పట్టి వదిలితే ముద్ద నిలుస్తుంది. అక్కడి నుంచి లోతుకి పోయేకొద్దీ పక్కల ఇసుక జారి పడుతుంది కాబట్టి గుంత నోరు వెడల్పు చేసుకుంటూ పోవాలి, పారని అడ్డంగా బిగించి లాగితే ఈ పని చకచకా సాగుతుంది. అడుగున నీరు ఊరాక మొదటి బురద నీళ్లు తోడి పారబోసి, మళ్లీ ఊరి తేరేదాకా ఆగి, గుడ్డలో వడకట్టి మరిగించాలి. మోకాలి లోతు పోయినా తడి తగలకపోతే ఆపేయాలి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో తవ్వుతూ పోతే ఒంట్లో నీళ్లు చెమటగా పోవడం తప్ప ఇంకేం దక్కదు. తవ్వాల్సి వస్తే తెల్లవారుజామున తవ్వాలి.

రెండో మంచి చోటు బండి కింద. బీచ్ ఇసుకలోనో, వర్షాకాలం పొలం గట్టు దారిలోనో కారు దిగబడినప్పుడు పొడుగు కర్ర పార బంపర్‌కి తగిలి ఆడదు, ఈ పొట్టిది టైరు ముందుకి, ఇంజను కిందికి సులువుగా దూరుతుంది. టైరు ముందు నిలువు గోడలా ఉన్న ఇసుకని ఏటవాలుగా లాగేసి, బండి పొట్ట ఇసుక మీద ఆనుకుని ఉంటే ఆ ఇసుక కూడా తీసేసి, టైర్లలో గాలి కొంత తగ్గించి మెల్లగా కదిలించాలి. చాలాసార్లు అంతే సరిపోతుంది.

అయితే నేల చూసుకోవాలి. తెలంగాణ మొరం గట్టు మీద, ఎండాకాలం బిగుసుకుపోయిన ఎర్రనేల మీద ఈ పార చేసేదేమీ లేదు. అలాంటి నేలని ముందు నాలుగైదు కిలోల గడ్డపారతో కుళ్లగిస్తారు, తర్వాతే పార పట్టుకుంటారు, మన కూలీలు ఎవరూ దీన్ని తిరగేసి చేయరు. పార వెనకాల ఉండే చిన్న మొన ఆ గడ్డపారకి బదులు కాదు, దానికి బరువే లేదు. నల్లరేగడి తడిగా ఉంటే రేకుకి అంటుకుని ప్రతి పెట్టుకీ గీకాల్సి వస్తుంది, గుల్ల ఎక్కువున్న రేకుకి మరీను. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు విజయవాడ ఇళ్లలో పేరుకున్న బురద లాంటిది ఎత్తిపోయాలన్నా వెడల్పు రేకు, పొడుగు కర్ర ఉన్న మామూలు పారే కావాలి.

భుజాన సంచి వేసుకుని నడిచేవాళ్లకి లెక్క వేరు. సంచితో కలిపి కిలో నుంచి కిలోన్నర బరువు. అంతే బరువుకి లీటరు పైగా నీళ్లు మోయొచ్చు, శేషాచలంలోనో అనంతగిరిలోనో వేసవి నడకకి ఆ నీళ్లే ప్రాణం. కాలకృత్యాలకి గుంత తవ్వడానికే అయితే, నీటికి 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెం.మీ. లోతు చాలు, దానికి ఇరవై గ్రాముల ట్రోవెల్, అంటే తాపీ లాంటి చిన్న చేతి పార, సరిపోతుంది. హిమాలయాల మంచులోకి వెళ్లేవాళ్లకి కావాల్సింది వెడల్పు అల్యూమినియం రేకున్న మంచు పార, ఈ చిన్న రేకుతో మంచు తోడటం గరిటెతో చెరువు తోడినట్టే.

నల్లమల లాంటి చోట్లకి తీసుకెళ్లేముందు ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు, ఆయుధం అన్న మాటకి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. అడవికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం కూడా నేరమే. పిడిలో దాగిన కత్తి చెక్‌పోస్టు దగ్గర బయటపడితే టెన్షన్ తప్ప లాభం లేదు, ఇంట్లోనే తీసి పెట్టేయాలి. విమానంలో అయితే పార మొత్తం చెక్-ఇన్ సామానులోకే, చేతి సంచిలో రానివ్వరు.

కాబట్టి కారు డిక్కీలో ఉంచుకోవడానికి ఒకటి కొంటే తప్పు లేదు: అతుకులు తక్కువగా, 90 డిగ్రీల దగ్గర గట్టిగా ఆగేలా, రేకు ఉక్కుదై, తెరిస్తే మొత్తం పొడవు సుమారు 60 సెం.మీ. అయినా ఉండేది. పక్కన ఒక మడత రంపం, రెండు గట్టి గ్లవ్స్. ట్రెక్ సంచిలో మాత్రం దీనికి చోటు లేదు. వాడి వచ్చిన రోజే కీలుని తెరిచి నీళ్లతో కడిగి, మరల్లో ఇసుక పాత టూత్‌బ్రష్‌తో తీసేసి, ఎండలో పూర్తిగా ఆరాక రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి, అప్పుడు సంచిలో పెట్టాలి. తడి సంచిలో పెట్టి మూసేస్తే వానాకాలం పోయేసరికి బిగింపు రింగు తుప్పు పట్టి కదలదు.